అమ్మ ఊడ్చిన రాళ్లవాన

“ఊడ్వకే అమ్మా! నీకు దండం పెడ్త, ఆ రాళ్లు ముట్టకు!”

“ఊడ్వకుంట ఎట్లుంటనే? ఫోటో తీస్తరంట. ఇంటి ముంగట గింత గలీజు పెట్టుకొని ఎవరన్న ఫోటో దిగుతరా?”

“ఆ గలీజు కోసమేనే ఫోటో! అది పోతే ఇంక ఫోటో దేనికి?”

“గొంగడి లోపట కూసొని నాకు బుద్ధి చెప్తున్నవా? దమ్ముంటె బయటికొచ్చి మాట్లాడు.”

“వస్తే ప్లేటు ఖరాబైతది! వెలుతురు తగులొద్దు!”

“అట్లయితే లోపటనే ఉండు. నా పని నన్ను చేస్కోనియ్యి.”

నేనప్పుడు మా పుట్టింటి వంటింటి మూలలో రెండు గొంగళ్లు కప్పుకొని, గాజు ప్లేటును చేతులతో తడుముకుంటూ చెక్క తొడుగులోకి ఎక్కిస్తున్నాను. ఫోటో పడేది ఆ గాజు మీదనే. దానికి పిసరంత వెలుతురు తగిలినా కిటికీకి బిగించుకోవడానికి తప్ప మరి దేనికీ పనికిరాదు. బయట వాకిట్లో నిమ్మకాయలంత వడగళ్లు, మా దిక్కు మాటలో రాళ్లు, తెల్లగా పరుచుకొని ఉన్నాయి. వాటిని ఫోటో తీయడానికి నేను లోపల చెమటతో తడిసి ముద్దవుతుంటే, అదే వాకిట్లో మా అమ్మ వాటిని పొరకతో ఊడ్చేస్తున్నది. స్సర్, స్సర్ అని చప్పుడు నాకు స్పష్టంగా వినపడుతున్నది. ఒక్కొక్క స్సర్‌కు నా ఒళ్లు మండిపోతున్నది. బయటికి ఉరికితే ప్లేటు పోతుంది, ఆగితే రాళ్లు పోతాయి. అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాను, అరిచాను. మా వాడకట్టంతా వినపడేటట్టు అరిచాను. అమ్మకు మాత్రం వినపడలేదు. వినపడింది గాని లెక్క చేయలేదు.

ఆ రోజుల్లో మనిషి జన్మలో ఒక్కసారి ఫోటో దిగితే గొప్ప. చాలామంది ఆ ఒక్కటీ దిగకుండానే పోయేవారు. ఫోటోకు కూర్చోవడమంటే దేవుని ఎదుట కూర్చున్నంత పని. తలకు నూనె, ఒంటికి పెట్టెలోని బట్టలు, ఇరుగుపొరుగు నుంచి అడిగి తెచ్చుకున్న నగలు, వెనక ఒక దుప్పటి తెర, పక్కన ఒక కుర్చీ. ముఖాన నవ్వు మాత్రం ఉండకూడదు (నవ్వితే తేలిక మనుషులం అనుకుంటారట). ఇట్లాంటి జనం నడుమ మా ఇంటాయన చేసిన పని ఏమిటంటే వానను ఫోటో తీయడం. ఇప్పటి పిల్లలకు చెబితే ఇదేం కొలువు అని నవ్వుతారు. అప్పుడూ నవ్వారు. ఆలేరు స్టేషన్ దగ్గర రేకుల గదిలో మాకు ఫోటో దుకాణం ఉండేది. ఊళ్లో ఆయన పేరు ఎవరికీ గుర్తు లేదు. ఎప్పుడు చూసినా మొగులు దిక్కు, అంటే మబ్బుల దిక్కు, చూస్తూ నడిచేవాడని అందరూ ‘మొగులాయన’ అనే పిలిచేవారు. నన్ను మొగులాయన పెండ్లాం అనేవారు. నాకు నచ్చేది కాదు.

ఈ పని ఎట్లా మొదలైందంటే, ఒక ఎండాకాలం ఆయన పెండ్లి ఫోటోలు తీసి తిరిగి వస్తుంటే దారిలో రాళ్లవాన పట్టుకున్నది. ఒక రైతు గట్టు మీద కూర్చొని తల కొట్టుకుంటుంటే, ఈయన పోయి ఓదార్చకుండా (ఆయనకు ఓదార్చడం రాదు, నాకు తెలుసు) గట్టు మీద పడిన రాళ్లను, రాలిన గింజను ఫోటో తీశాడు. ఆ ఫోటో పట్టుకొని రైతు తాసీలు కచేరికి పోతే, రాళ్లవాన పడ్డ ఊళ్లకు ఇచ్చే సర్కారు విత్తనాలు అతనికి దొరికాయి. అక్కడి నుంచి మొదలైంది. రాళ్లవానకు ఒక గుణం ఉంది. కోతకు వచ్చిన వరి మీద పడితే గింజ మొత్తం బురదలోకి రాలుతుంది, గడ్డి మాత్రం అట్లాగే నిలబడి ఉంటుంది. రాళ్లేమో చీకటి పడేలోపే కరిగి నీళ్లయిపోతాయి. కచేరి నుంచి సారు వచ్చేది ఎప్పుడో. అప్పటికి గింజలు పిట్టలు తిని ఉంటాయి. ఆయన రోడ్డు మీద నుంచే చూసి, “వరి నిలబడే ఉన్నది గద” అని పోతాడు. అందుకని రాళ్లు కరగక ముందు తీసిన ఫోటో ఒక్కటే రైతుకు సాక్ష్యం.

కాబట్టి రాళ్లు పడ్డాక పోతే లాభం లేదు, పడేటప్పటికే అక్కడ ఉండాలి. ఉత్తరం దిక్కు నల్లబడిందంటే మా ఇంటాయన సైకిలు తీసేవాడు. మూడు కాళ్ల చెక్క స్టాండు ముందు కడ్డీకి కట్టి, నన్ను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టి, కెమెరా పెట్టె నా ఒళ్లో పెట్టేవాడు. మొగులు ఎటు పోతే మేము అటు. జనమంతా వాన వస్తుందని ఇండ్లలోకి ఉరుకుతుంటే మేమిద్దరం దానికి ఎదురుపోయేవాళ్లం. గొడుగు ఒక్కటే ఉండేది. అది కెమెరా మీద పట్టాలి. ఒకసారి నేను నా తల మీద పట్టుకుంటే ఆయన సైకిలు ఆపి మరీ అన్నాడు: “నువ్వు తడిస్తే ఆరుతవే. ఇది తడిస్తే ఆరదు.” పెండ్లయిన కొత్త. ఆ మాట నేను ఇంకా మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

ప్లేట్లు ఎక్కించే పని నాది. ఆయన చేతులకు చెమట, వేలి ముద్రలు పడతాయి. రెండో తరగతితో ఆగిన చదువు నాది, కాని ఒక్క ప్లేటు కూడా నా చేతిలో పాడు కాలేదు. పాడు చేసేవాడు ఆయన. దారిలో మొగులు కొంచెం వింతగా కనపడిందంటే చాలు, “అగో, ఏనుగు లెక్కున్నది సూడు!” అని సైకిలు ఆపి ఒక ప్లేటు తగలేసేవాడు. “ఏనుగయితే ఏంది? ఎవరన్న కొంటరా దాన్ని?” అని నేను అరిచేదాన్ని. “నీకు తెల్వదులే” అనేవాడు. నాకు తెలియకపోవడమేమిటి? పాత ప్లేట్లు వేడి నీళ్లలో నానబెట్టి, గీకి గీకి, పటాలకు అద్దాలుగా అమ్మేదాన్ని నేను. గోళ్లు నావి అరిగాయి.

ఆ రోజు కూడా అదే జరిగింది. మధ్యాహ్నం దాటాక మొగులు లేచింది. లేచి నేరుగా మా పుట్టింటి ఊరు దిక్కు పోయింది. ఆలేరుకు కొంచెం దూరమే. అక్కడ మా బాపు, అంటే మా నాన్న, వేసిన యాసంగి (ఎండాకాలపు) వరి కోతకు వచ్చి ఉన్నది. అంతకు ముందు మా బాపు ఏటేటా విత్తనాలకు దొర గడికి, ఆ కోటలాంటి ఇంటికి, పోయేవాడు. గడి వాకిట్లో చెప్పులు చేత పట్టుకొని, ఎండలో నిలబడి, వాళ్లిచ్చే నాగు వడ్లు తెచ్చుకొని, పంట వచ్చాక దానికి సగం ఎక్కువ కలిపి కొలిచి రావాలి. కాలం మారి, దొర పట్టు సడలి, ఊళ్లో కొంచెం గాలి ఆడిన తరువాత మా బాపు సొంత విత్తనం దాచుకోవడం మొదలుపెట్టాడు. “ఇగ ఆ గడి మెట్టు ఎక్క” అని తులసికోట మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసుకున్నాడు. ఆ ఏడు విత్తనం మొత్తం ఆ వరిలోనే ఉన్నది. నేను క్యారియర్ మీద కూర్చొని ఇదంతా తలుచుకొని ఏడుస్తుంటే, ముందు కూర్చున్నాయన మెరుపులు చూసి సైకిలు ఆపాడు. ఒకసారి కాదు. నేను వీపు మీద గుద్దుతున్నా ఆపాడు. మా ఊరు చేరేటప్పటికి పెట్టెలో ఒక్కటంటే ఒక్క ప్లేటు మిగిలింది.

మేము ఇంట్లో అడుగుపెట్టామో లేదో రాళ్లు మొదలైనాయి. పెంకులు పలపల పగిలినాయి. బర్రె తాడు తెంపుకున్నది. బాపు గుమ్మంలో నిలబడి చేను దిక్కు చూస్తున్నాడు. వాన వెలిసింది. మా ఇంటాయన చేనుకాడికి ఉరికి, మోకాలి దాకా బురదతో తిరిగి వచ్చాడు. “మళ్లల్ల నీళ్లున్నయి, రాళ్లు మునిగి కరుగుతున్నయి, ఫోటోల పడయి. వాకిట్లయే తియ్యాలె. నేను స్టాండుకు జాగా చూస్త, నువ్వు ప్లేటెక్కియ్యి. వాకిలి ఎవ్వరిని ముట్టనియ్యకు” అన్నాడు. నేను గొంగళ్లలో దూరాను. ఆయన స్టాండు పట్టుకొని ఇంటి వెనక వెలుతురు ఎటు ఉందో చూడబోయాడు. వాకిలి చూసే మనిషి లేకుండా పోయాడు. ఆ తరువాత జరిగింది మీరు మొదట విన్నారు.

ప్లేటు ఎక్కించి, తొడుగు బిగించి, నేను గొంగళ్లు విసిరికొట్టి బయటికి ఉరికేటప్పటికి ఏముంది! వాకిలి అద్దంలా ఉన్నది. ఒక్క రాయి లేదు, ఒక్క ఆకు లేదు. పేడనీళ్ల సాన్పి చల్లి, దాని మీద తడి ఆరకముందే ముగ్గు కూడా వేసి ఉన్నది. (ఆ ముగ్గు పిండి నేను పోయినసారి ఇచ్చిందే.) బడి పంతులు దగ్గర నుంచి కుర్చీ వచ్చింది. గోడకు జంపఖానా వేలాడుతున్నది. మా అమ్మ తన పెండ్లి చీర కట్టుకొని, పక్కింటి నుంచి తెచ్చిన కంటె మెడలో వేసుకొని నిలబడి ఉన్నది. వాడకట్టు వాళ్లంతా తలలు దువ్వుకొని వరసగా వచ్చారు. కుర్చీలో మా బాపు. ఉన్న పంట మొత్తం పోయిన మనిషి, పట్టు పంచె కట్టుకొని, రుమాలు చుట్టుకొని, రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, దేవునిలా కూర్చున్నాడు.

అప్పుడే మా ఇంటాయన ఇంటి వెనక నుంచి వచ్చాడు. వచ్చి చూశాడు. నా దిక్కు తిరిగాడు. అత్తగారితో అల్లుడు ఎదురుపడి మాట్లాడే అలవాటు మా దిక్కు లేదు. ఇద్దరూ నా మీదుగా మాట్లాడాలి, ఇద్దరూ రెండు బారల దూరంలో నిలబడి ఉన్నా సరే.

“అల్లునితోటి చెప్పు, అందరం తయారైనం, ఇగ తియ్యమను” అన్నది అమ్మ, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని.

“అత్తతోటి చెప్పు, మంచిదని” అన్నాడాయన.

“మంచిదేంది?” అన్నాను నేను. “ఏం మంచిది? నా తోటి ఎగిరే నోరు ఇప్పుడేమైంది?”

“ఏం జేస్తమే, పెద్దమనిషి అడుగుతున్నది. కాదంటే నారాజైతది” అని గొణిగి, ప్లేటు కోసం చెయ్యి చాపాడు. మెరుపులకు ప్లేట్లన్నీ తగలేసి, మిగిలిన ఒక్కటి ఇప్పుడు మర్యాద కోసం తగలేయడానికి తయారయ్యాడు. నేను ప్లేటు నడుము వెనక పెట్టుకొని గోడకు ఆనుకున్నాను.

“ఇయ్య. రాళ్లు లేని ఫోటో కచేరిల ఎవడు చూస్తడు? ముగ్గు చూసి విత్తనాలిస్తరా?”

“అగో, ఫోటో దిగుతె ఇస్తరనుకున్నం గాని, రాళ్లు గూడ దిగాల్నని మాకెవరు చెప్పిన్రు?” అన్నది అమ్మ.

“అంత సేపు అరిచింది ఎవరు? బర్రెనా?”

సరిగ్గా ఆ మాట దగ్గర గోడ అవతల నుంచి గడి మనిషి ఒకడు, పోతూ పోతూ ఆగి, తల ఎత్తి చూశాడు. “ఏం పటేలా, వరి పోయిందట గద? ఫికర్ చెయ్యకు, గడిల వడ్లున్నయి. రేపు పొద్దుగాల రా, దొరకు నేను చెప్త” అన్నాడు. అని నవ్వాడు కూడా. బాపు కుర్చీలో కదలలేదు. కాని మోకాళ్ల మీద ఉన్న ఆ రెండు చేతులు పిడికిళ్లయినాయి. నేను చూశాను.

“ఊడ్చిన రాళ్లు యాడ పోసినవే?” అని అడిగాను అమ్మను.

“ఊడ్చినయి యాడ పోస్తరు? పెంటకుప్పల పోసిన.”

ఇంటి పక్కకు ఉరికాను. మా పెంటకుప్ప మీద, పేడ మీద, చెత్త మీద, రాళ్లు ఇంత ఎత్తున కుప్పగా ఉన్నాయి. ఒక్క దగ్గర కుప్ప పడటం వల్ల కరగలేదు కూడా. వాకిట్లో పరుచుకొని ఉన్నప్పటి కంటే ఇప్పుడే బాగా కనపడుతున్నాయి. “కుర్చీ ఇటు తెండ్రి!” అని అరిచాను.

ఇక చూడండి అమ్మ కోపం. “పెంటకుప్ప మీద ఫోటోనా? పెండ్లి చీర కట్టుకొని పెంటకుప్ప పక్కకు నిలబడాల్నా? పది ఊర్లల్ల మానం తీస్తవానే? నిన్ను కన్నందుకు ఇదా నాకు?” అల్లుడు పక్కన ఉన్నాడన్నది కూడా మరిచి కొంగు జార్చింది. నేను తగ్గలేదు. “అయితే ఆ చీర ఇప్పు! రోజూ కట్టేది కట్టుకో. ఆ కంటె తియ్యి. ఇంత సింగారించుకుంటె కలిగినోళ్లు అనుకొని చారెడు గింజలు గూడ ఇయ్యరు” అన్నాను. “సచ్చినా ఇప్ప! చినిగిన చీరల ఫోటో దిగి, నేను పోయినంక నీ పిల్లలకు గదే చూపిస్తవా?” అన్నది. ఇద్దరం కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. వాడకట్టు వాళ్లు కొందరు అటు, కొందరు ఇటు చేరి లొల్లి చేస్తున్నారు. మా ఇంటాయన మాత్రం మొగులు దిక్కు చూస్తూ, “వెలుతురు పోతున్నది... వెలుతురు పోతున్నది...” అంటున్నాడు. ఆయనకు తెలిసిన మంత్రం అదొక్కటే.

అప్పుడు బాపు లేచాడు. కుర్చీ తానే ఎత్తుకున్నాడు. పట్టు పంచె ఒక చేత్తో పైకి పట్టుకొని నడిచి పోయి, పెంటకుప్ప పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. వంగి రెండు చేతులకు రెండు రాళ్లు తీసుకున్నాడు.

“బట్టలు మార్చుకో బాపు” అన్నాను నేను, మెల్లగా.

“మార్చ. రాళ్లు పడ్డయని చూపిస్త. గతిలేనోన్నని చూపియ్య. గతిలేనోని లెక్క నిలబడేటిదే అయితే గడి వాకిలి ఉండనే ఉన్నది గద” అన్నాడు. తరువాత అమ్మ దిక్కు తిరిగి, “వస్తవా, నేనొక్కన్నే దిగాల్నా?” అన్నాడు.

అమ్మ కదిలింది. పండ్లు కొరుకుతూ, ముక్కు మూసుకొని, చీర అంచు కాలికి తగలకుండా పట్టుకొని వచ్చి బాపు పక్కన నిలబడ్డది. ఆమె వెనక వాడకట్టంతా వచ్చింది. నేను ప్లేటు ఇచ్చాను. గాలికి కెమెరా మీది నల్లగుడ్డ ఎగురుతుంటే దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. “ముక్కు మీద చెయ్యి తియ్యుమను అత్తను” అన్నాడు గుడ్డ లోపల నుంచి మా ఇంటాయన. “తియ్యవే!” అని అరిచాను. తీసింది. ఫోటో పడ్డది.

ఆ తిట్లు, ఆ కంపు, ఆ కోపం ఇప్పటికీ నాకు నిన్నటివి లాగే ఉన్నాయి. ఒక్క సంగతి మాత్రం మారింది. ఇప్పుడు నాకు అప్పటి అమ్మకంటే ఎక్కువ వయసు. మొన్న మనుమరాలు ఫోన్ పట్టుకొని వచ్చి, “అవ్వా, ఉన్నది ఉన్నట్టు ఒక్క ఫోటో తీస్త, కదలకు” అంటే, “ఉండు, ఆ వాకిలి ముందట ఏముందో చూడనియ్యి” అని లేచి పొరక అందుకున్నాను. అందుకున్నాక నాకే నవ్వు వచ్చింది. నవ్వు ఆపుకొని ఊడ్చాను. చెత్త పెట్టుకొని ఎవరన్నా ఫోటో దిగుతారా?

ఫోటో తీసిన రాత్రే ఆలేరు వచ్చి ప్లేటు కడిగి, మర్నాడు పొద్దున ఎండ పడగానే దుకాణం గోడ మీద ప్లేటు కింద కాగితం పెట్టి ఫోటో అచ్చు తీశాము. మా ఇంటాయన మొగులు మళ్లీ పట్టిందని సైకిలెక్కి పోయాడు. తడి ఆరని ఫోటో వార్తాపత్రిక కాగితంలో చుట్టుకొని, బాపు, అమ్మ, నేను రైలెక్కి తాసీలు కచేరికి పోయాము. అమ్మ అదే చీరలో వచ్చింది. దారి పొడుగునా ఫోటో చూపించమని అడిగింది. వేలు పెడుతుందని నేను చూపించలేదు.

గుమాస్తా సారు ఫోటో తీసుకొని కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“పెండ్లెవరిదయ్యా?”

“పెండ్లి కాదు సారు. రాళ్లవాన” అన్నాడు బాపు.

“రాళ్లవానకు గింత సింగారమా?”

“ఫోటో అన్నరు సారు. తయారైనం.”

సారు ఫోటోను ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. “ఈ తెల్లగున్నయి రాళ్లే అనుకో. కింద నల్లగున్నదేంది?”

“పెంటకుప్ప సారు” అన్నాడు బాపు. తల మాత్రం దించలేదు.

సారు బాపును చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. “ఉత్త పుణ్యానికి ఎవడన్న పట్టు పంచె కట్టుకొని సొంత పెంటకుప్ప పక్కకు కూసుంటడా?” అని తనలో తాను అనుకొని, ఊరి పేరు, బాపు పేరు, వెనక నిలబడ్డ వాళ్ల పేర్లు అడిగి రాసుకున్నాడు. విత్తనాల చిట్టీ రాసి ఇచ్చాడు. ఫోటో కాగితాలకు గుచ్చడానికి గుండుసూది తీశాడు.

“సారుతోటి చెప్పు, ఒక్కసారి చూసిస్తనని” అన్నది అమ్మ నాతో, కొంగు అడ్డం పెట్టుకొని. సారు ఇచ్చాడు. అమ్మ ఫోటోను రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు చూసింది. బాపును చూసింది, తనను చూసుకున్నది, కంటె చూసుకున్నది. అంచుల దాకా వెతికింది.

“నువ్వేదే?”

“నేను లేను. కెమెరా కాడ గుడ్డ పట్టుకున్న.”

“మమ్ములనందరిని పెంటకుప్ప కాడ నిలబెట్టి, నువ్వు మాత్రం తప్పించుకున్నవన్న మాట” అన్నది.

ఫోటో సారుకు తిరిగి ఇచ్చింది. ఆయన దాన్ని కాగితాలకు గుచ్చి, కట్ట కట్టి, అలమారాలో పెట్టాడు. బాపు చిట్టీని రుమాలు మడతలో పెట్టుకొని ముందు నడిచాడు. అమ్మ స్టేషన్ దాకా నన్ను తిడుతూనే వచ్చింది.